ఆకలి అంటే కోడిని కోశారు

మా వదిన చెంప మీద నేను కొట్టిన దెబ్బ నాకు గుర్తు లేదు. మా వీధిలో మిగతా అందరికీ గుర్తుంది. ఎంత గట్టిగా తగిలిందో, ఆమె ఎలా తూలి గోడకు ఆనుకుందో, తర్వాత ఎలా వచ్చి నా కాళ్ళ మీద పడిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. కొట్టింది నేను, కాళ్ళ మీద పడింది ఆమె. ఈ ముక్క అర్థం కావాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది. రాస్తుంటే చెయ్యి వణకడం లేదు. చక్కెర మానేసి సన్నబడాలని, ఒళ్ళు తేలిక చేసుకోవాలని ఆశపడేవాళ్ళు నాలాగే ఎందరో ఉంటారు. వాళ్ళ కోసం కొంత, నా లోపల ఇంకా అప్పుడప్పుడు లేచి నిలబడే భయాన్ని కూర్చోబెట్టడానికి కొంత, ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి

మాది తిరుపతి. మా ఆయన మునిరత్నానికి స్టీలు పాత్రల అంగడి ఉంది. ఇంట్లో ఆయన, నేను, ఆయన అక్క కనకమ్మ వదిన. వదినను పలమనేరులో పాడి ఆవులున్న ఇంటికి ఇచ్చారు. భర్త పోయాక ఆవుల్ని అమ్ముకుని తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. తల్లి లేని తమ్ముణ్ణి తన పెళ్ళికి ముందు పెంచింది తనే. అందుకని ఇల్లూ తనదే, తమ్ముడూ తనవాడే, నేను మధ్యలో వచ్చినదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి నేను మర్చిపోకుండా వదిన ఏదో ఒక వంకతో గుర్తు చేస్తూనే ఉండేది.

నాకు షుగరు ఉందని కొన్నేళ్ళ కిందటే తెలిసింది. బిళ్ళలు వేసుకుంటూ, ఎప్పటిలాగే తింటూ నెట్టుకొచ్చాను. ఆ ఫిబ్రవరిలో చుట్టాల పెళ్ళి వీడియో చూస్తున్నప్పుడు, ఎవరో లావుపాటి మనిషి మాటిమాటికీ కెమెరాకు అడ్డం వస్తోందని విసుక్కున్నాను. ఆమె కట్టుకున్న చీర నాదేనని కాసేపటికి తెలిసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి చక్కెర డబ్బాను తీసుకుపోయి పెరట్లో అంట్లు తోమే జాలారిలో బోర్లించాను. వదిన వెనకాలే వచ్చింది.

"ఏందిమే ఇది? డబ్బా చక్కెర నీళ్ళపాలు చేస్తివే! నీకు వద్దంటే నువ్వు తినొద్దు. మా నోట్లో మన్నెందుకు కొడతావు?"

"కొడితే కొట్టినాలే," అన్నాను.

నాకు కోపం పుట్టుకతోనే వచ్చింది. మా నాయన నన్ను పచ్చిమిరపకాయ అని పిలిచేవాడు. కానీ చక్కెర మానేసిన మొదటి వారాల్లో వచ్చిన కోపం వేరే జాతిది. తల పగిలిపోయేది. ఎదుటివాళ్ళు నమిలే చప్పుడు కూడా భరించలేకపోయేదాన్ని. ఒక పొద్దున మా ఆయన కాఫీ జుర్రుతుంటే ఆ జుర్రు నా చెవిలో సూదిలా దిగింది. చేతిలోంచి దవరా గిన్నె లాగి గోడకేసి కొట్టాను. వేడి కాఫీ ఆయన చొక్కా మీద, గోడకున్న దేవుడి క్యాలెండరు మీద పడింది.

"సన్నబడాలంటే నన్ను సంపాల్నా?" అన్నాడు ఆయన, చొక్కాను ఒంటికి అంటకుండా వేళ్ళతో పట్టుకుని.

ఫోనులో వీడియోలు చెప్పేవాళ్ళు ఆ కోపం మంచిదే అన్నారు. ఒంట్లో విషమంతా బయటికి పోతున్న గుర్తట. అందుకని కోపం వచ్చినప్పుడల్లా నాకు లోలోపల సంతోషంగా ఉండేది. ఎంత విరగ్గొడితే అంత ఆరోగ్యం అనుకున్నాను.

ఏప్రిల్

నిజంగానే తగ్గాను. జాకెట్లన్నీ వదులై కుట్లు లోపలికి వేయించుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం లేదు, మోకాళ్ళ నొప్పి లేదు. వీధిలో ఆడవాళ్ళు ఆపి మరీ అడిగేవాళ్ళు, "ఏం తింటాండావుమే, మాకూ చెప్పు" అని. పొగడ్త తలకెక్కింది. చక్కెర తర్వాత అన్నం మానేశాను, అన్నం తర్వాత సంగటి, దాని వెనకే ఇడ్లీ. కీర దోసకాయలు, గుడ్లు, మజ్జిగతో రోజులు వెళ్ళదీశాను.

షుగరు బిళ్ళలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటూ వచ్చాను. తిండి ఇంతగా తగ్గిస్తే బిళ్ళ కూడా తగ్గించుకోవాలని నాకు తట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే చెప్పేవారు. బాగా సన్నబడ్డాక ఒక్కసారే వెళ్ళి డాక్టర్ని ఆశ్చర్యపరుద్దామని ఆగాను. ఇది చదువుతున్నవాళ్ళలో బిళ్ళలు వేసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ఎండలు ముదిరేకొద్దీ మధ్యాహ్నం కాకముందే ఒళ్ళు తడిసిపోయేది. పెదవులు తిమ్మిరెక్కేవి. చేతులు వణికేవి. ఆ వెనకాలే కోపం ఊడిపడేది. ఒకసారి కూరగాయల బండతను తూకంలో మోసం చేస్తున్నాడని తక్కెడ లాక్కుని రోడ్డు మీద విసిరికొట్టాను. పాపం, అతనేం మోసం చెయ్యలేదు. ఇంకోసారి కుక్కరు మూతతో వంటింటి గట్టు మీద కొట్టి కొట్టి నాపరాయి పగలగొట్టాను. ఏదో ఒకటి తిన్నాక చల్లబడేదాన్ని. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మా ఆయన కత్తిపీటను అటక మీదికి ఎక్కించేశాడు. ఎందుకని అడిగితే తుప్పు పట్టిందన్నాడు. నాకు భయపడుతున్నాడని అప్పుడే తెలిసింది, తెలిసి ఇంకా కోపం వచ్చింది.

మే, జాతర వారం

గంగమ్మ జాతర సంగతి బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఆ వారంలో మగవాళ్ళు రకరకాల వేషాలు వేసి, కొందరు చీరలు కట్టి, ఒళ్ళంతా రంగులు పూసుకుని వీధుల వెంట తిరుగుతారు. దారిలో కనపడినవాళ్ళను బూతులు తిడతారు. తిట్టించుకున్నవాళ్ళు నవ్వి దణ్ణం పెట్టుకుంటారు. అమ్మవారికి ఆ తిట్లంటే ఇష్టం. మామూలు రోజుల్లో తలలు పగిలే మాటలు ఆ వారంలో దీవెనలు. కొందరు ఆడవాళ్ళకు అమ్మవారు పూనడం కూడా ఏటా చూసేదే. నా ప్రాణం మీదికి వచ్చింది సరిగ్గా ఆ వారంలోనే.

ఆ పొద్దున బిళ్ళ వేసుకున్నాను. వీధిలో అంబలి పోస్తున్నారు, పొంగలి పెడుతున్నారు. నేను ఏదీ ముట్టుకోలేదు. ఇన్ని నెలల పట్టుదల జాతర పేరుతో చెడగొట్టుకోకూడదనుకున్నాను. వేషాలు చూడటానికి ఎండలో చాలాసేపు నిలబడ్డాను. మెడ నుంచి నడుము దాకా చెమట కారింది. డప్పుల చప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ళ అడుగున మోగుతున్నట్టుగా వినపడింది. ఇంటి గుమ్మం దాకా నడిచాను. పసుపు వాసన వచ్చింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్క మాట. ఆకలి.

మిగతాదంతా ఇతరులు చెప్పగా విన్నదే. గుమ్మంలో నిలబడి జుట్టు విరబోసుకున్నానట. నోటికొచ్చిన బూతులు తిట్టానట. అవి నాకు తెలుసని నాకే తెలియదు. ఎండలో ఏం గోల అని వదిన రెక్క పట్టుకుని లోపలికి లాగబోతే చెయ్యి తిప్పి చెంప మీద కొట్టాను. అడ్డం వచ్చిన మా ఆయన మొహాన చెంబు విసిరాను. కనుబొమ చీలి నెత్తురు కారింది. జాతర వారం కాకపోయి ఉంటే ఎవరైనా పిచ్చెక్కిందనో, ఎండదెబ్బనో అనుకుని నీళ్ళన్నా తాగించేవాళ్ళు. పక్కింటి రాజమ్మవ్వ రెండు చేతులూ జోడించి గట్టిగా అరిచింది.

"అమ్మ వచ్చిండాది! మన వీధిలోకి అమ్మ వచ్చిండాది!"

ఇంక ఎవరి చేయీ నా మీద పడలేదు. కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోశారు. వేపాకు తెచ్చారు, కర్పూరం వెలిగించారు. ఎవరికీ తలవంచని మా వదిన, చెంప ఎర్రగా వాచి ఉండగా నా కాళ్ళు పట్టుకుంది.

"తప్పైపోయింది తల్లీ! నీకేం కావాలో చెప్పు, చేస్తాం."

నేను చెప్పాను. ఆకలి అని చెప్పాను. ఒక్కసారి కాదు, గొంతు చించుకుని పదేపదే అడిగానట.

అమ్మవారికి ఆకలైతే ఏం పెడతారు? రాజమ్మవ్వ తన ఇంట్లో మొక్కుకని కట్టేసి ఉంచిన పుంజును తెప్పించింది. నా కాళ్ళ ముందే దాని మెడ కోశారు. అది రెక్కలు కొట్టుకుంటూ ఎగిరితే నెత్తురు నా చీర మీద, మొహం మీద చిందింది. వదిన ఆ నెత్తుటిలో వేలు ముంచి నా నుదుట బొట్టు పెట్టింది. అంతమంది ఆడవాళ్ళు ఉన్నారు, ఒక్కొక్కరి వంటింట్లో అన్నం ఉంది, పొంగలి ఉంది. ఒక్కరు కూడా ఒక ముద్ద నా నోట్లో పెట్టలేదు. అడిగింది నేనని వాళ్ళకు తోచలేదు.

నేను కింద పడి కొట్టుకోవడం మొదలుపెట్టాను. పళ్ళు కరుచుకుపోయాయి. ఆ నెత్తుటిలోనే పొర్లానట.

"అమ్మ దిగిపోతాండాది. ఎవురూ ముట్టుకోవద్దు," అంది రాజమ్మవ్వ.

అప్పటిదాకా చేతులు జోడించుకుని నిలబడిన మా ఆయన ఆ మాటకు కదిలాడు. "అమ్మ దిగిపోతే దిగిపోనీ. నా పెండ్లాం యాడికి పోతాండాది?" అని నన్ను భుజాన వేసుకుని జనాన్ని మోచేతులతో కుమ్ముకుంటూ ఆటో దాకా పరిగెత్తాడు. ఆయనతో కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆయన పరిగెత్తడం నేను చూడలేదు. అప్పుడూ చూడలేకపోయాను.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి చేతికి సీసా ఎక్కుతోంది. నాలుక పళ్ళ కింద పడి తెగింది. డాక్టరమ్మ నా మొహంలోకి టార్చి వేసి చూస్తోంది.

"ఈ రక్తం ఎవరిది?" అంది.

"కోడిది," అన్నాడు మా ఆయన, తన కనుబొమ మీద గుడ్డ అదుముకుని.

ఆమె టార్చి ఆర్పేసింది. తర్వాత కోపంగా అంది. "ఒంట్లో చక్కెర పూర్తిగా పడిపోయిందయ్యా. ఇంకాస్త ఆలస్యమైతే మెదడు పోయేది, మనిషే పోయేది. తెలివి తప్పకముందు ఒక్క పిడికెడు చక్కెర నోట్లో వేసే మనిషే లేకపోయారా మీ వీధిలో?"

బయట బెంచీ మీద కూర్చున్న జనం మా ఆయన్ను చూసి జరిగి కూర్చున్నారట. నుదుట పసుపు, చొక్కా నిండా నెత్తురు, పెళ్ళాన్ని ఏమో చేసి తెచ్చాడనుకుని ఉంటారు. సాయంత్రం వార్డు ఆయా ఒకామె తడి దూది తెచ్చి, నా జుట్టులో ఎండిపోయిన నెత్తుటిని ఒక్కో పాయే విడదీసి తుడిచింది. పేరు అడుగుదామంటే నాలుక తిరగలేదు. ఆమె చేతుల్ని తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

జూన్

ఇంటికి వచ్చేసరికి నేను దేవతనై కూర్చున్నాను. పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. కూతురికి సంబంధం కుదురుతుందా, బోరులో నీళ్ళు పడతాయా అని అడగడానికి. వదిన నేను కూర్చున్న చోట కింద కూర్చునేది. వంటింటి పెత్తనం నాకు వదిలేసింది. నన్ను "అమ్మా" అని పిలిచేది. తన చెంప మీద దెబ్బ పడిన చోటును వచ్చినవాళ్ళకు మురిపెంగా చూపించేది. అబద్ధం ఎందుకు, నాకు హాయిగానే ఉంది. ఇన్నేళ్ళ ఎత్తిపొడుపులు ఒక్క దెబ్బతో ఆగిపోయాయి.

కానీ డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. మీకు బిళ్ళలు తగ్గించి రాశాను, అయినా మళ్ళీ రావచ్చు, చెమట పట్టి చెయ్యి వణికి మనిషి తిక్కగా మాట్లాడితే వెంటనే చక్కెర పెట్టాలి, తెలివి తప్పితే నోట్లో ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి తేవాలి, ఇంట్లోవాళ్ళకు నేర్పించండి అంది. మా ఆయన పొద్దున అంగడికి పోతే రాత్రికే రావడం. ఇంట్లో ఉండేది వదిన ఒక్కతే. నాకు మళ్ళీ వస్తే ఆమె ఏం వెతుక్కుంటుంది, చక్కెర డబ్బానా, కర్పూరమా? పగలూ రాత్రీ ఇదే భయం.

ఆమెకు చెప్పేస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు.

"గమ్మునుండు సుగుణా. అమ్మవారు కొట్టిందంటే మా అక్కకు అది పెద్ద పేరు. నువ్వు కొట్టినావంటే ఈ ఇంట్లో నీళ్ళు కూడా తాగదు."

"చెప్పకపోతే నేను సస్తానబ్బా," అన్నాను.

ఒక శుక్రవారం వదిన నా ముందుకు హారతి పళ్ళెం తెచ్చినప్పుడు చెప్పేశాను.

"నిన్ను కొట్టింది అమ్మవారు కాదు వదినా. నేనే. ఒంట్లో చక్కెర పడిపోయి పిచ్చెక్కి కొట్టినాను. మళ్ళీ అట్లొస్తే నాకు దండం పెట్టొద్దు. నోట్లో చక్కెర పొయ్యి."

ఆమె మొహంలో రంగులు మారడం చూశాను.

"అట్లయితే ఈ మొగాన పడింది నీ చెయ్యా? నీ కాళ్ళా నేను పట్టుకున్నది? వీధి వీధంతా సూస్తా ఉంటే నీ కాళ్ళా?"

పళ్ళేన్ని నా మీదికి విసిరింది. అది భుజానికి తగిలి పడింది, కర్పూరం నా చీర కుచ్చిళ్ళలో రాజుకుంది. నేనే అరచేతులతో కొట్టి ఆర్పుకున్నాను. ఆమె చూస్తూ నిలబడి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. తన వంట తనే వేరుగా వండుకునేది. చక్కెర డబ్బాను మా ఆయన కిటికీ గూట్లో అందరికీ కనపడేలా పెట్టాడు. వదిన దాని వంక చూసేది కాదు. నా మాట నమ్మిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు. నా ప్రాణం ఆమె చేతుల్లో ఉంది, ఆమె నా మొహం కూడా చూడటం లేదు.

ఆగస్టు

ఒక పొద్దున బిళ్ళ వేసుకుని కొంచెం ఉప్మా తిన్నాను. తిన్నదంతా వాంతి అయింది. మళ్ళీ తినాలనిపించక పడుకున్నాను. మా ఆయన అంగడిలో ఉన్నాడు. లేచాక ఏం జరిగిందో రాజమ్మవ్వ చెప్పింది. ఆమె తోడు పెరుగు కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయిందట. నేను జుట్టు విరబోసుకుని కంచాలూ గిన్నెలూ విసురుతున్నాను. ఒక పళ్ళెం అంచు వదిన మోచేతిని కోసింది.

"మళ్ళీ వచ్చినాదే అమ్మ! కనకా, కర్పూరం తియ్యి!" అని అరిచింది అవ్వ.

అమ్మవారు పూనిన మనిషి జుట్టు ఎవరూ తాకరు. వదిన నా జుట్టును మణికట్టుకు చుట్టి ఒక్క లాగు లాగి కింద పడేసింది. గడప తగిలి నా పెదవి చీలింది. లేవబోతే ఛాతీ మీద మోకాలు పెట్టి అదిమింది.

"కండ్లు పోతాయే కనకా! ముట్టుకోవద్దే అమ్మను!"

"పోతే పోనీ! నువ్వా గూట్లో డబ్బా ఇటియ్యి అవ్వా!"

అవ్వ కదల్లేదు. వదిన నన్ను జుట్టుతోనే కిటికీ దాకా ఈడ్చి, గూట్లోంచి డబ్బా లాక్కుంది. మొండికేసిన ఆవుకు మందు తాపేటట్టు దవడలు నొక్కి నోరు తెరిచి, గుప్పెట్లో చక్కెర బుగ్గ లోపలికి తోసింది. నేను ఆమె వేలు కొరికాను. ఎముక దాకా దిగింది. ఆమె చెయ్యి బయటికి తియ్యలేదు. ఇంకో గుప్పెడు తోసింది. నేను గోళ్ళతో ఆమె మెడ గీరేశాను, పొత్తికడుపులో తన్నాను. ఆమె వదల్లేదు.

నాకు తెలివి వచ్చేసరికి నోరంతా తీపి, ఉప్పు. ఆ నెత్తురు నాదో ఆమెదో తెలియలేదు. నేలంతా చక్కెర, గిన్నెలు, నా జుట్టు. వదిన గోడకు ఆనుకుని రొప్పుతోంది. వేలికి చీర కొంగు చుట్టుకుంది, కొంగు తడిసి ఎర్రబడింది.

"నీ పేరేంది?" అంది. జూన్ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"సుగుణ."

"నేనెవురు?"

"వదినవి."

ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి నేను అడిగాను. "నా మాట నమ్మినావా వదినా?"

"యాడ నమ్మినా? నువ్వట్ల అరస్తా ఉంటే నాకు అమ్మే కనపడినాది. జుట్టు పట్టుకునేటప్పుడు నా కాళ్ళు సల్లబడిపోయినాయి. ఇంతటితో నా కండ్లు పోతాయనుకున్నా. తీస్తే తీసుకోనీ తల్లి, నువ్వు మాత్రం సావకూడదు అనుకున్నా."

నేను డేక్కుంటూ వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టి గట్టిగా ఏడ్చాను. ఆమె నెత్తుటి చేత్తోనే నా మొహం తుడిచింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వదిన వసారాలో నిలబడి ఉంది. కట్టు కట్టిన చేత్తో ఒక కన్ను మూసుకుని ఎదురింటి గోడ మీది అక్షరాలు చూస్తోంది. తర్వాత చెయ్యి మార్చి రెండో కన్ను మూసుకుని మళ్ళీ అవే అక్షరాలు చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"రెండూ ఉండాయా వదినా?" అన్నాను.

ఉలిక్కిపడి చెయ్యి దించేసింది.

"ఉండాయిలే. పోయి ముందు ఇడ్లీ తిను. బిళ్ళ తర్వాత."